గట్టిగా అతికిన చివరే పగిలింది: ఒక డైనింగ్ టేబుల్ కేసు

అభిరుచిగా చెక్కపని చేసేవాళ్లు ఇంట్లోవాళ్ల కోసం ఫర్నిచర్ చేసుకుని, ఏదైనా తేడా వచ్చినప్పుడు నా దగ్గరికి తెస్తుంటారు. తయారీతో పాటు రిపేరు కూడా నా పనే. అలా వచ్చినవాటిలో ఈ టేబుల్ కేసు ప్రత్యేకంగా రాసుకోవాలనిపించింది. సాలిడ్ చెక్కతో వెడల్పాటి వస్తువు చేసే ప్రతివాళ్లకీ ఎదురయ్యే సమస్య ఇందులో ఉంది. పైగా తప్పు ఎక్కడుందో ఆ టేబులే చూపించింది. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలను దగ్గరి అంకెకు సర్దాను.

నేపథ్యం

ఆయన ఉద్యోగం వేరు. సెలవు రోజుల్లో చెక్కపని. చేతిలో మంచి పని ఉంది, ఉలి పదును చూస్తేనే తెలిసిపోతుంది. కూతురు కొత్త ఇంట్లోకి మారుతోందని డైనింగ్ టేబుల్ చేసి ఇద్దామనుకున్నారు. పాత ఇల్లు విప్పినప్పుడు దాచిపెట్టిన పెద్ద తలుపు రెక్కలు ఉన్నాయి, మంచి చేవ ఉన్న టేకు. ఆ పలకలనే చిత్రిక పట్టి, పక్కపక్కన అతికించి, 1800 మి.మీ. పొడవు, 960 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. మందం ఉన్న టాప్ చేశారు. రెండు చివర్లలో అడ్డపట్టీలు పెట్టారు. అంటే పలకల కోసిన చివరలు బయటికి కనపడకుండా, టాప్ వంగకుండా, నారకు (చెక్క పోగుల దిశకు) అడ్డంగా బిగించే పట్టీలు. టాప్ చివర నాలుకలా ఒక అంచు తీసి, పట్టీలో గాడి తీసి, మొత్తం పొడవునా తెల్ల జిగురు రాసి క్లాంపులతో బిగించారు. కాళ్ల మీది చట్రానికి టాప్‌ను స్క్రూలతో నేరుగా పట్టించారు.

పని అంతా జరిగింది వానాకాలంలో, గాలి బాగా ఆడే షెడ్డులో. టేబుల్ చేరింది ఏడాదిలో చాలా నెలలు ఏసీ నడిచే ఇంటికి.

సమస్య

మొదటి పొడి కాలంలోనే టాప్ ఒక చివర పగులు వచ్చింది. సంగతి ఆయనకు తెలిసింది మాత్రం చాలా నెలల తర్వాత. కూతురు దాని మీద గుడ్డ పరిచి పెట్టింది. తర్వాత నేనే ఆమెతో మాట్లాడినప్పుడు ఒక్క మాటే చెప్పింది: "నాన్న ఎంత ఇష్టంగా చేశారో నాకు తెలుసండీ. చెప్తే బాధపడతారని ఊరుకున్నా."

ఈ విషయాన్ని కేసు వివరాల్లోనే ఉంచుతున్నాను, సెంటిమెంట్ కింద పక్కన పెట్టడం లేదు. డబ్బిచ్చి చేయించుకున్నవాళ్లు పగులు కనపడగానే ఫోన్ చేస్తారు. ఇంట్లోవాళ్లు చేయరు. దాంతో మొదటి పగులు ఏ నెలలో వచ్చింది, ఎంత వేగంగా పెరిగింది, వానల్లో మూసుకుందా లేదా అన్న సమాచారం ఎవరి దగ్గరా లేకుండా పోయింది. రోగనిర్ధారణకు అదే అన్నిటికంటే పనికొచ్చే సమాచారం.

నా దగ్గరికి రాకముందు చేసినవి

గుడ్డ తీసి చూశాక ఆయన మొదట చేసింది అందరూ చేసేదే. రంపపు పొట్టును జిగురులో కలిపి ముద్దగా పగులులో కూరి, ఆరాక సాండ్‌పేపర్ పట్టారు. చూడ్డానికి బాగానే కుదిరింది. తర్వాత వానలు వచ్చాయి. చెక్క ఉబ్బి మూసుకోవాల్సిన పగులులో గట్టి ముద్ద అడ్డం ఉంది. దాంతో పగులు అంచుల్లోని నార ఆ ముద్ద మీద నలిగిపోయింది. అలా నలిగిన నార మళ్లీ లేవదు. తర్వాతి పొడి కాలంలో పగులు మునుపటి కంటే వెడల్పుగా తెరుచుకుంది. ముద్ద ఒక అంచును పట్టుకుని ఉండిపోయి, రెండో అంచు పక్కన కొత్త సందు వచ్చింది.

రెండోసారి క్లాంపులతో గట్టిగా నొక్కి జిగురు పట్టించి, పగులు లోపలి కొస దగ్గర డమరుకం ఆకారపు తాళపు ముక్కను పొదిగారు. ఆ పొదుగు చాలా నాణ్యంగా ఉంది, గోరు కూడా దూరని అంచులు. ఆ పగులు అక్కడితో ఆగింది. అయితే పక్క పలకలో కొత్తది మొదలైంది.

మూడో ఆలోచన ఇంట్లోవాళ్లది: టాప్ కింద అడ్డంగా ఇనుప పట్టీలు వేసి స్క్రూలు బిగిద్దామని. ఆ దశలో ఆయన నాకు ఫోన్ చేశారు. అది మాత్రం చేయవద్దని ముందు చెప్పి, టేబుల్ చూడటానికి వెళ్లాను.

చూసినప్పుడు తెలిసినవి

ఆయన నన్ను నేరుగా పగిలిన చివర దగ్గరికి తీసుకెళ్లారు. నేను రెండో చివర కూడా చూడాలన్నాను. పగిలిన చోటు ఏం జరిగిందో చెప్తుంది, పగలని చోటు ఎందుకు జరగలేదో చెప్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ కారణం తేలదు.

రెండో చివర చూపించడానికి ఆయన కాస్త మొహమాటపడ్డారు. అక్కడ జిగురు సరిగ్గా పట్టలేదట, క్లాంపులు వేసేలోపే ఆరిపోయిందట. నిజమే, మధ్యలో కొద్దిమేర మాత్రమే అతుక్కుని ఉంది. రెండు పక్కలా అడ్డపట్టీ కొసలు టాప్ అంచు కంటే బయటికి పొడుచుకొచ్చాయి, ఒక పక్క 3 మి.మీ., ఇంకో పక్క దాదాపు 4. వేలు పెట్టి రుద్దితే మెట్టులా తగులుతోంది. "ఇది కూడా మళ్లీ విప్పి గట్టిగా అతికించాలండీ," అన్నారు ఆయన.

ఆ చివర ఒక్క పగులు కూడా లేదు.

అప్పుడు టేపు తీసి మూడు చోట్ల కొలిచాను. టాప్ మధ్యలో వెడల్పు 953 మి.మీ. ఆయన నోటు పుస్తకంలో చేసిన నాటి వెడల్పు 960 అని రాసి ఉంది. అంటే 7 మి.మీ. తగ్గింది. అడ్డపట్టీల పొడవు ఇప్పటికీ 960. ఎండిపోయినా పట్టీ పొడవు తగ్గదు. చెక్క నారకు అడ్డంగా కుదించుకుంటుంది, నార వెంట మాత్రం లెక్కలోకి రానంత తక్కువ. పగిలిన చివర రెండు పగుళ్ల వెడల్పు, కూరిన ముద్దతో కలిపి, 6 మి.మీ. వచ్చింది. బాగున్న చివర పట్టీ బయటికి పొడుచుకొచ్చింది రెండు పక్కలా కలిపి 7. ఈ అంకెలు దాదాపు ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. తగ్గాల్సిన ఆ 7 మి.మీ. బాగున్న చివర పక్కల నుంచి లోపలికి జరిగింది. పగిలిన చివర జిగురు జరగనివ్వలేదు కాబట్టి పలకలను చీల్చుకుని దారి చేసుకుంది.

తేమ మీటరు చెక్కలో 8 శాతం తేమ చూపింది. టేకుకు లెక్క ఉంది: పలక వెడల్పు చెట్టు వయసు వలయాల వెంట కోసినదైతే, తేమ ఒక శాతం మారినప్పుడు వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. అదే పలకను వలయాలకు అడ్డంగా కోస్తే దాదాపు సగమే. ఈ పలకల కోసిన చివర్లో వలయాలు వంపులుగా అడ్డంగా కనపడుతున్నాయి, మొదటి రకమే. 960 మీద 7 మి.మీ. తగ్గాలంటే తేమ సుమారు 4 శాతం పడిపోవాలి. అంటే అతికించిన నాటికి 12 చుట్టూ ఉండేది. గాలిలో తేమ 65 శాతం ఉంటే చెక్క 12 దగ్గర నిలుస్తుంది, 40 నుంచి 45 మధ్య ఉంటే 8 దగ్గర. వానాకాలపు షెడ్డు, ఏసీ ఇల్లు. అంకెలు కుదిరాయి.

ఆయన ఒప్పుకోలేకపోయింది ఒక్కటే. "అది ఎన్నో ఏళ్ల చెక్కండీ. ఇంకా కదలడమేంటి?"

చాలామంది అనుకునేదే ఇది. నేను ఆ తలుపు సంగతే అడిగాను. వానల్లో బిగుసుకుపోయేదా? "అయ్యో, భుజంతో తోస్తేగానీ తెరుచుకునేది కాదు," అన్నారు. అప్పటికి ఆ తలుపు వయసెంత అని అడిగాను. ఆయనకు విషయం అక్కడే అర్థమైంది. పాత చెక్కలో పచ్చిదనం పోయి ఉంటుంది, లోపలి బిగువులు చాలావరకు సర్దుకుని ఉంటాయి, అందుకే వంకర పోవడం తక్కువ. గాలిలోని తేమను తాగడం, వదలడం మాత్రం ఎన్నేళ్లయినా ఆగదు. పాలిష్ దాన్ని నెమ్మదింపజేస్తుంది, అంతే.

నిర్ణయాలు

కొత్త టాప్ చేయడం అన్నిటికంటే తేలిక. ఆయన దానికే సిద్ధపడ్డారు. కూతురు ససేమిరా అంది, ఆ తలుపు చెక్కే కావాలంది. నాకూ ఆమె మాటే సరైనదనిపించింది. చెక్క పాడవలేదు, దాన్ని పట్టి ఉంచిన పద్ధతి పాడైంది. అదే పద్ధతిలో కొత్త టాప్ చేసినా ఇలాగే పగులుతుంది.

కాబట్టి ముందు చెక్కను విడిపించాలి, ఆ తర్వాతే పగులు ముట్టుకోవాలి. ఈ వరస తిరగబడటం వల్లే మొదటి రెండు ప్రయత్నాలు నిలవలేదు. పగులు మూయడం అంటే చెక్క కుదించుకోవడానికి చేసుకున్న దారిని మూసేయడం. ఒక దారి మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది, పక్క పలకలో వచ్చిన పగులు అదే.

పగిలిన చివర అడ్డపట్టీని నష్టం లేకుండా ఊడదీయగలమా అని మొదట వేడితో చూశాం. తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది. టాప్ అడుగున ఒక మూల హీట్ గన్ పెట్టాం. పై పాలిష్ పొంగింది గానీ జాయింట్ కదల్లేదు. 35 మి.మీ. మందం చెక్కలో నాలుక మధ్యలో ఉంటుంది, చెక్క వేడిని లోపలికి పోనివ్వదు. ఇంకా వేడి పెంచితే పైన మాడుతుంది. అక్కడితో ఆపి రంపం పట్టుకున్నాం.

టాప్‌కు, పట్టీకి మధ్య గీత వెంబడే కోశాం. నాలుక పట్టీలోనే ఉండిపోయింది. రంపం సగం దాటేసరికి చిన్న చప్పుడుతో రెండో పగులు దానంతటదే దగ్గరికి వచ్చింది. కోత పూర్తయ్యేసరికి అది సన్నని గీతగా మిగిలింది. మొదటి పగులు మాత్రం మూసుకోలేదు. లోపల కూరిన ముద్ద దాన్ని తెరిచి పట్టుకుని ఉంది. ఆ ముద్దను సన్నని రంపంతో నిదానంగా తీసేశాక అది కూడా చాలావరకు దగ్గరైంది, పూర్తిగా కాదు. మిగిలిన ఆ సందు నార నలిగిపోయిన చోటు, అది శాశ్వతం.

కోసిన తర్వాత వెంటనే ఏమీ అతికించలేదు. టాప్‌ను అదే ఇంట్లో, రెండు వైపులా గాలి తగిలేలా కొన్ని వారాలు వదిలేశాం. విడిపించిన చెక్క ఎక్కడ నిలుస్తుందో తెలియకుండా దానికి కొత్త బంధం వేయకూడదు.

రెండో పగులు తేలిక. పలచటి జిగురు లోపలికి పంపి, ఒక్క క్లాంపుతో చేతి బలం పెద్దగా వాడకుండా దగ్గరికి తెచ్చాం. ఇక్కడ నాదో నియమం ఉంది: పగులు మూయడానికి క్లాంపును బలంగా తిప్పాల్సి వస్తే ఎక్కడో ఇంకా ఏదో పట్టి ఉంచుతోందని అర్థం. అప్పుడు జిగురు పక్కన పెట్టి అదేంటో వెతకాలి.

మొదటి పగులు దగ్గర ఆలోచించాల్సి వచ్చింది. టాప్‌ను ఆ గీత వెంట చివరి దాకా చీల్చి, అంచులు చిత్రిక పట్టి మళ్లీ అతికించడం శుభ్రమైన పద్ధతి. కానీ అందుకు రెండో చివర పట్టీని కూడా తీయాలి. ఆ చివర బాగుంది. పనిచేస్తున్న జాయింట్‌ను పనిచేయని జాయింట్ కోసం పగలగొట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే పగులును సన్నని రంపంతో ఒకే వాలుగా సరిచేసి, ఆ తలుపు చెక్కలోనే మిగిలిన ముక్క నుంచి, ఒక కొస పలచగా రెండో కొస మందంగా ఉండే పట్టీ తీసి జిగురుతో దింపాం. నార టాప్ నారతో కలిసి ఒకే దారిలో ఉండాలి, అప్పుడే రెండూ కలిసి ఉబ్బి కలిసి తగ్గుతాయి. పొట్టు ముద్దకూ ఈ పట్టీకీ తేడా అదే. డమరుకం ముక్కను అలాగే ఉంచాం. పగులు కొస ఇంకా పాకకుండా అది కాపలా కాస్తోంది, పైగా అంత చిన్న ముక్క దగ్గర చెక్క కదలిక అర మి.మీ. కూడా ఉండదు.

ఇక అడ్డపట్టీ. దాన్ని పూర్తిగా వదిలేసి అడుగున బద్దెలు వేద్దామా అని కూడా మాట్లాడుకున్నాం. రెండో చివర పట్టీ ఉంది కాబట్టి ఇక్కడ లేకపోతే వెలితిగా ఉంటుందని కూతురు అభిప్రాయం. పట్టీలోని పాత నాలుకను ఉలితో తొలిచేసి గాడి శుభ్రం చేశాం. టాప్‌కు కొత్త నాలుక తీశాం. దానివల్ల పొడవు 35 మి.మీ. తగ్గింది. టాప్‌ను చట్రం మీద కొంచెం జరిపితే రెండు పక్కలా సమానంగానే కనపడింది.

ఈసారి జిగురు మధ్యలో ఓ జానెడు మేర మాత్రమే. రెండు పక్కలా చెక్క మేకులు. పట్టీలో మేకు రంధ్రం గుండ్రం, నాలుకలో మాత్రం టాప్ వెడల్పు దిశలో పొడవాటి రంధ్రం. అప్పుడు నాలుక గాడిలో పక్కలకు జరుగుతుంది, బయటికి ఊడిరాదు. రంధ్రం ఎంత పొడవుండాలో కూడా లెక్కే: మధ్య నుంచి అంచుకు సుమారు 475 మి.మీ., తేమ 4 శాతం మారితే ఒక్కో పక్క 3.5 మి.మీ. కదలిక. అంచు దగ్గరి మేకుకు దాదాపు అంతా కావాలి, మధ్యకు వచ్చేకొద్దీ తక్కువ.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది కాలం. మేం బిగిస్తున్నది పొడి కాలంలో, టాప్ అత్యంత సన్నగా ఉన్న సమయంలో. ఇక్కడి నుంచి అది ఉబ్బడమే గానీ తగ్గడం పెద్దగా ఉండదు. కాబట్టి మేకును పొడవాటి రంధ్రం మధ్యలో పెడితే సగం చోటు వృథా, ఉబ్బినప్పుడు మిగతా సగం చాలదు. రంధ్రంలో బయటి కొసకు దగ్గరగా మేకు ఉండేలా, నాలుక బయటికి జరగడానికి చోటంతా మిగిలేలా బిగించాం. తేమ కాలంలో చేసి ఉంటే దీనికి సరిగ్గా తిరగేసి పెట్టాలి.

పట్టీ పొడవును ఎక్కడ కోయాలన్న దాని మీద ఆయనతో కాస్త వాదన జరిగింది. టాప్ అంచుతో ఖచ్చితంగా సమంగా ఉండాలని ఆయన పట్టు. ఈ రోజు సమంగా కోస్తే వానల్లో టాప్ రెండు పక్కలా బయటికి వస్తుంది. ఏడాది పొడవునా సమంగా ఉండే అడ్డపట్టీ అంటే జిగురుతో చెక్కను కట్టేసిన పట్టీ అన్నమాట, దాని ఫలితం చూశాం. చివరికి ఒక్కో పక్క 2 మి.మీ. బయటికి వదిలి, అంచును గుండ్రంగా మలిచాం. పొడిలో పట్టీ కొంచెం బయట, తేమలో టాప్ కొంచెం బయట, మధ్య నెలల్లో సమం.

రెండో చివర జిగురు ముట్టుకోలేదు. ఆయన తప్పనుకున్న ఆ మధ్యలో పట్టిన జిగురే మేం ఈ చివర కావాలని చేసింది. దానికి మేకులు మాత్రం కొత్తగా కలిపాం.

చట్రం స్క్రూలు విప్పితే కొన్ని వంగి ఉన్నాయి, ఒకదాని తల తెగిపోయింది. వాటి స్థానంలో చట్రం లోపలి వైపు గాడి తీసి, అందులో కొస దూరే చెక్క బిళ్లలు పెట్టి, బిళ్లను మాత్రమే టాప్‌కు స్క్రూ చేశాం. బిళ్ల టాప్‌ను కిందికి లాగి పట్టుకుంటుంది, గాడిలో అటూ ఇటూ జరుగుతుంది. పొడవు వైపు బిళ్లలకు, చట్రానికి మధ్య టాప్ కదిలేంత సందు వదిలాం. టాప్ అడుగున పాలిష్ లేకపోవడం వల్ల కొంచెం దొప్పలా వంగింది, అందుకని పైన ఎన్ని పూతలో అడుగున కూడా అన్నే వేశాం.

తర్వాత

ఫలితం తెలుసుకునే బాధ్యత ఈసారి కూతురికి అప్పజెప్పాను. నెలకోసారి అడ్డపట్టీ కొస దగ్గర స్కేలు ఆనించి ఫోటో తీసి పంపమన్నాను. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పమన్నాను, మీ నాన్నకు కావాల్సింది అదేనని ఆయన ముందే చెప్పాను. ఒక తేమ కాలం, ఒక పొడి కాలం గడిచాయి. వానల్లో టాప్ పట్టీ కంటే ఒకటిన్నర మి.మీ. వరకు బయటికి వచ్చింది, పొడిలో మళ్లీ లోపలికి వెళ్లింది. కొత్త పగులు లేదు. దింపిన పట్టీ గీత దగ్గరగా చూస్తే కనపడుతుంది. సన్నని గీతగా మిగిలిన రెండో పగులు తెరుచుకోలేదు.

ఈ కేసు తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లను ముందు అడిగే ప్రశ్న మారింది. ఏ చెక్క అని కాదు, ఏ ఇంటికి వెళ్తోంది అని అడుగుతున్నాను. ఏసీ ఉంటుందా, వంటగది పక్కనా, కిటికీ ఎండ పడుతుందా అని. వస్తువు అడుగున చేసిన నెల, ఆ నాటి వెడల్పు, మీటరు ఉంటే తేమ శాతం రాయమంటున్నాను. ఆయన నోటు పుస్తకంలో ఆ 960 లేకపోతే ఈ కేసులో సగం ఊహే అయ్యేది.

ఆయన ఇప్పుడు కొడుకు కోసం దుప్పట్లు పెట్టుకునే పెట్టె చేస్తున్నారు. మూతకు అడ్డపట్టీలు వద్దనుకున్నారు. అడుగున రెండు బద్దెలు, మధ్య స్క్రూకు గుండ్రటి రంధ్రం, పక్క స్క్రూలకు పొడవాటి రంధ్రాలు. పలకలను అతికించే ముందు కొన్ని వారాలు కొడుకు ఇంట్లోనే ఉంచారు.